పొట్ట మీద కట్టు

నా పెద్దపేగులో చిన్న చిన్న తిత్తులు ఏర్పడి మాటిమాటికీ చీము పట్టేవి. క్యాన్సర్ కాదన్నారు, బతికిపోయాను అనుకున్నాను. కానీ నొప్పి మాత్రం ప్రాణం తోడేసేది. చివరికి ఆ ముక్క కోసి తీసేయాలన్నారు.

మాది తమిళనాడులోని రాజపాళయం. ఆస్పత్రులకు వెళ్లే కట్టుగుడ్డ నేసే షెడ్డులో నేనూ మా ఆయనా ఇరవై ఏళ్లుగా మడతలు వేస్తున్నాం. మా అత్త కూడా అక్కడే పనిచేసి మానేసింది. మావాళ్లు ఎవరికి దెబ్బ తగిలినా ముందు కట్టు ఎంత పెద్దదో చూస్తారు. ఆపరేషన్‌కు నేనూ ఒక చుట్ట గుడ్డ ఉతికి ఆరేసి తీసుకెళ్లాను. డాక్టరమ్మ నవ్వింది. కెమెరా పంపి నాలుగు చిన్న గాట్లతో చేస్తారట. ఇంటికి పంపేటప్పుడు మాత్రం నవ్వలేదు.

"బయట చిన్నదే. లోపల పేగు కోసి కుట్టాం. ఆరు వారాలు బరువెత్తకూడదు."

ఇంటికి రాగానే అత్త నా ప్లాస్టర్లు లెక్కపెట్టింది.

"ఇంతేనా? దీనికా ఆరు వారాలు పండుకొనేది?"

చూడవచ్చినవాళ్లదీ అదే మాట. నాకసలే పౌరుషం ఎక్కువ. మూడో రోజు లేచి బిందెడు నీళ్ల కుడం ఎత్తబోయాను. మా ఆయన చెయ్యి పట్టి ఆపాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి మూలన పడున్న ఆ చుట్ట గుడ్డ తెచ్చి, చీర మీదే నా పొట్టకు చుట్టు మీద చుట్టు వేశాడు.

"ఇంగ ఎవరూ ఒక మాట అనరు. పండుకో."

నిజంగానే ఎవరూ అనలేదు. తళవాయిపురం చుట్టాలైతే నా నడుము చూసి కళ్లు తుడుచుకున్నారు. కుడం అత్తే మోసింది. అబద్ధం కట్టుకుని పడుకున్నందుకు నాకు సిగ్గేసింది, హాయిగానూ ఉంది.

మూడో వారం, ఉతుకుతానంటూ అత్త ఆ కట్టు విప్పింది. చివరిదాకా విప్పినా ఒక్క మరక లేదు. ఈ గుడ్డ సంగతి ఆమెకు నేను చెప్పాలా? దొరికిపోయాననుకున్నాను.

"లోపల నిజంగా కోసినారా?"

"జానెడు తీసినారు అత్తా. కుట్టు విడిపోతాదేమోనని దినమూ భయంగా ఉండాది."

ఆమె తన పొట్ట మీద జానెడు కొలిచి చూసుకుంది. తర్వాత గుడ్డ దులిపి, మెల్లగా మళ్లీ నాకు చుట్టడం మొదలుపెట్టింది.

"శుక్రవారం నీ ఆడబిడ్డ వస్తాది. అంతవరకూ విప్పొద్దు."