మూడొందల ఏడుకూ మూడొందల రెండుకూ మధ్య మా అన్న

మా అన్న ఏ పార్టీ మనిషీ కాదు. ఆ మాట అప్పట్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. పెద్దముడియం చుట్టుపక్కల పల్లెల్లో ఆ రోజుల్లో ఏ పక్షమూ కాని ఇల్లంటూ లేదు. ఏ వీధిలో ఉంటే ఆ వీధి నాయకుడి మనిషి కింద లెక్క. అన్నకు నలభై గొర్రెలు, మూడెకరాల శనగ చేను. ఏడో తరగతి దాకా చదివాడు కాబట్టి ఓటర్ల లిస్టు చదవగలడు. అదే వాడి మెడకు చుట్టుకుంది.

చుట్టింది నేనే. టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను బస్సు కూడా సరిగ్గా లేని ఊరికి వేశారు. జమ్మలమడుగుకు మార్పించమని అన్నను మా వీధి నాయకుడి దగ్గరికి పంపాను. నెల తిరగకుండా ఆర్డరు వచ్చింది. ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలకు ముందు నాయకుడు అన్నను పిలిపించి, "పోలింగు బూతులో ఏజెంటుగా కూచోవాలప్పా, నీకు చదువొచ్చుగదా" అన్నాడు. అన్న కాదనలేకపోయాడు.

పోలింగు రోజు మధ్యాహ్నం నాటుబాంబులు పడ్డాయి. జనం పరుగెత్తారు. అన్న కూడా పరుగెత్తాడు. అవతలి పక్షం వాళ్ళు నలుగురు వాణ్ణి బడి ప్రహరీ దగ్గర పట్టుకుని, రాళ్ళతో తల మీద కొట్టారు. వాళ్ళలో ఒకడు అన్నతో కలిసి గొర్రెలు మేపినవాడే.

నేను కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. మా వదిన వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చీర మీద ఎండిన నెత్తురు ఆమెది కాదు. వాళ్ళకు పిల్లలు లేరు. అమ్మా నాయన పోయాక నాకున్నదీ ఆ ఇద్దరే.

మూడు వారాల తర్వాత అన్న కళ్ళు తెరిచాడు. నేను వార్డంతా వినబడేలా ఏడ్చాను. వదిన నవ్వింది. డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి, చాలా ఓపికగా చెప్పాడు.

"కళ్ళు తెరిచాడు గానీ చూడడమ్మా. మెదడులో ఆలోచించే భాగం దెబ్బతినిపోయింది. ఊపిరాడించే భాగం ఒక్కటే మిగిలింది. నిద్రపోతాడు, లేస్తాడు, దగ్గుతాడు. మిమ్మల్ని మాత్రం గుర్తుపట్టడు."

"ఎన్ని దినాలకు గుర్తుపడతాడు సార్?" అని అడిగింది వదిన.

ఆయన వదిన వైపు తిరిగాడు. "గుర్తుపట్టడమ్మా" అని మళ్ళీ అదే మాట అన్నాడు.

అన్నను జమ్మలమడుగులో నా అద్దె ఇంటికి తెచ్చుకున్నాం. గొంతుకు కోసిన రంధ్రంలో ఒక గొట్టం, ముక్కులోంచి కడుపులోకి ఇంకొకటి. వదిన రాగిగంజి పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, సిరంజితో పోసేది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము మీద పుండ్లు పడతాయి. తిప్పినా పడ్డాయి. గొంతులో కఫం గురగురమన్నప్పుడల్లా గొట్టం తీసి కడగడం వదిన నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు. బడి నుంచి వచ్చి వాడి పక్కన కూర్చుని, ఆ పూట ఊళ్ళో జరిగినవి చెప్పేదాన్ని. వాడి కళ్ళు ఫ్యాను వైపు ఉండేవి. ఎప్పుడైనా నా వైపు తిరిగితే, చూశాడని వదినను కేకేసేదాన్ని. ఆమె వచ్చేలోపల అవి మళ్ళీ వెళ్ళిపోయేవి.

రెండో నెలలో నాయకుడు వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వెంట వచ్చిన మనుషుల్ని బయట నిలబెట్టి, గొంతు తగ్గించి వదినతో అన్నాడు.

"నేను కడుపులో పెట్టుకోకుండా చెప్తాండానమ్మా. ఇప్పుడు కేసు మూడొందల ఏడు, హత్యాయత్నం. ఆ నలుగురూ బెయిలు మీద బయటికొచ్చి బజార్లో మీసాలు తిప్పుతాండారు. వీడు బాధపడేది ఎవరికోసం? పోయేవాడు పోతే మూడొందల రెండు అయితాది. హత్య కేసు. లోపలేస్తే మళ్ళా బయటికి రాలేరు. ఆలోచన చేసుకోండి."

ఆయన వెళ్ళాక వదిన ఆ కుర్చీని ఎత్తి పెరట్లో పెట్టింది.

ఇంకో పది రోజులకు పులివెందుల నుంచి వదినకు మేనమామ వరసయ్యే పెద్దాయన వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. అన్నను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత విషయానికి వచ్చాడు. అవతలి పక్షం వాళ్ళు పంపారట.

"ఆస్పత్రి ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారంట. హైదరాబాదుకైనా తీసుకపోతారంట. ఎట్లైనా మనిషి బతికుండాలంటాండారు."

"ఎందుకంట మామా అంత ప్రేమ?" అంది వదిన.

ఆయన తల దించుకున్నాడు. ఆ పళ్ళ సంచి వదిన ఆయన చేతికే తిరిగిచ్చింది.

అప్పటినుంచి మా ఇంటి ముందు రోజూ ఇద్దరు మనుషులు తచ్చాడేవారు. ఒకడు మా వాళ్ళ మనిషి, ఇంకొకడు అవతలి వాళ్ళ మనిషి. ఇద్దరూ నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు. "టీచరమ్మా, మీయన్నకు ఎట్లుంది?" బాగుందంటే ఒకడికి మొహం వాడేది. బాగాలేదంటే ఇంకొకడు హడావిడిగా సైకిలెక్కేవాడు.

నాలుగో నెలలో అన్న ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. ప్రొద్దుటూరులో చూపిస్తే, కర్నూలుకు తీసుకెళ్ళి మళ్ళీ ఊపిరాడించే మిషను మీద పెట్టాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆయన గది బయట బల్ల మీద వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పాపా. ఇంటికి తీసుకపోదాం. ఇంక ఆయన్ను తిప్పలు పెట్టొద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అడిగిన బదిలీ కోసం వాడు బూతులో కూర్చున్నాడన్న సంగతి నా గుండెల్లో ముల్లులా ఉంది. వాడు బతికుంటే నేను ఇంకా ఏదో సరిదిద్దుకోగలనని నమ్ముతున్నాను. నోటికి ఏదొస్తే అది అనేశాను.

"నాయకుడి మాట విని మాయన్నను చంపుకుంటాండావా నువ్వు?"

వదిన చెయ్యి వదిలేసింది. చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి నువ్వు ఎవరి మాట విని బతికిచ్చుకుంటాండావు?"

ఆ రోజు కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. చదువుకున్నదాన్ని కాబట్టి నర్సు కాగితం నాకే ఇచ్చింది. భార్య ఎవరని ఎవరూ అడగలేదు. పంతొమ్మిది రోజులు మిషను మీద ఉండి అన్న తిరిగొచ్చాడు. చేతులు ఛాతీ మీదికి ముడుచుకుపోయాయి. వేళ్ళు అరచేతుల్లోకి గుచ్చుకుని పుండ్లయ్యాయి. గుడ్డ ముక్కలు చుట్టి వదిన వాటి మధ్య పెట్టేది. ఆ పని చేసేటప్పుడు నన్ను గదిలోకి రానిచ్చేది కాదు. మేం ఒకే ఇంట్లో ఉంటూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం.

ఏడాది దాటాక, ఎవరికీ చెప్పకుండా ప్రొద్దుటూరులో ఒక ముసలి లాయరు దగ్గరికి వెళ్ళాను. ఈ కేసుతో ఆయనకు సంబంధం లేదు.

"సార్, ఇట్లాంటి మనిషికి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పే హక్కు ఎవరిది? పెండ్లాందా, చెల్లెలిదా, డాక్టరుదా?"

"ఎవరిదీ కాదమ్మా. ఆయప్ప పొలానికి ఎవరు సంతకం పెట్టాలంటే చట్టంలో వెతికి చెప్తా. ఆయప్ప ప్రాణానికి ఎవరు సంతకం పెట్టాలో యాడా రాయలేదు."

"ముక్కులో గొట్టం తీసేస్తే?"

"అవతలి లాయరు ఎగిరి గంతేస్తాడు. మావాళ్ళు కొట్టింది నిజమే, చంపింది మాత్రం ఇంట్లోవాళ్ళే అంటాడు. నీమీద, మీ వదినమీద కేసు పడతాది. నీ ఉద్యోగం పోతాది."

"ఆసుపత్రికి తీసుకపోకుంటే?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అది నన్ను అడగొద్దమ్మా. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సొస్తాది."

బస్సులో తిరిగొస్తూ ఒక్కటే అనుకున్నాను. అన్న ఏం కోరుకునేవాడు? ఎంత వెతికినా ఒక్క మాట దొరకలేదు. వాన గురించి, గొర్రెల గాలికుంటు రోగం గురించి, నా పెళ్ళి గురించి వాడు మాట్లాడాడు. ఇలాంటి దాని గురించి మాట్లాడాలని మాలో ఎవరికి తెలుసు?

పదహారో నెలలో నాకు కడపలో మూడు రోజుల ట్రైనింగు పడింది. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. గుమ్మంలో వదిన కూర్చుని ఉంది. లోపల అన్న ఊపిరి చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. నుదురు ముట్టుకుంటే కాలుతోంది.

"ఎప్పటినుంచి జ్వరం?"

"నువ్వు పోయిన దినం నుంచి."

"ఎందుకు కబురు పెట్టలేదు?"

"పెడితే తీసుకపోతావు."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. వీధి చివర జీపుల స్టాండు ఉంది. వెనక నుంచి వదిన అరవలేదు. మామూలుగానే అంది.

"పిలుచుకరా పాపా. నేనే ఎత్తి ఎక్కిస్తా, అడ్డం చెప్పను. అయితే పొయ్యే ముందర ఒకసారి ఆయన్ను చూడు. పదారు నెలల్నుంచి నువ్వు మీయన్న మొగం ఒక్కటే చూస్తాండావు."

లోపలికి వచ్చాను. ఆమె దుప్పటి తీసింది. నడుము మీద నా పిడికిలి పట్టేంత పుండు. లోపల తెల్లగా కనిపిస్తున్నది ఎముక అని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. తొడలు నా చేతులంత ఉన్నాయి. ఆ వంద కిలోల శనగ మూటలు ఎత్తే మనిషి ఏమయ్యాడు? ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే ఇది చూస్తూ వచ్చింది. నేను బడి కబుర్లు చెప్పి లేచిపోయేదాన్ని.

నేను జీపు పిలవలేదు.

వదిన గంజి పోయడం మానలేదు. గొట్టం తియ్యలేదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది, గొంతులో కఫం తీసింది. ఆ రోజు మొదటిసారి ఆ గొట్టం కడగడం నాకు నేర్పింది. మరుసటి రోజు పొద్దున తొమ్మిది గంటలకు, నేను కడుగుతుండగానే, అన్న ఊపిరి ఆగిపోయింది.

గంటలోపల నాయకుడి జీపులు రెండు వచ్చాయి. పోస్టుమార్టం అయ్యాక శవం మీద కప్పడానికి పార్టీ జెండా తెచ్చారు. ఊరేగింపు అన్నారు. వదిన ఆ జెండా మడిచి నాయకుడి చేతికిచ్చింది. "మా ఆయన గొర్రెలు కాసేటోడప్పా. ఇది ఆయనది కాదు."

కేసు మూడొందల రెండుగా మారింది. ప్రొద్దుటూరు కోర్టులో విచారణకు వచ్చేసరికి ఏళ్ళు గడిచాయి. మేం ఏం చెప్పాలో మా పక్షం వాళ్ళు ముందే నేర్పించారు. జ్వరం వచ్చిన వెంటనే బండి కోసం తిరిగాం, దొరకలేదు, అంతే. బోనులో అవతలి లాయరు వదినను నిలదీశాడు.

"మూడు రోజులు జ్వరంతో ఉంటే ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదు?"

"నాకు ఇష్టం లేక తీసుకపోలేదు సార్. ఇది నా ఒక్కదాని నిర్ణయం. మా ఆడబిడ్డ ఊళ్ళో లేదు."

ఆమె నా ఉద్యోగాన్ని కాపాడుతోందని నాకు అర్థమైంది. తర్వాత నన్ను పిలిచారు. ప్రమాణం చేశాను. ఆ లాయరు నన్నూ అదే ప్రశ్న అడిగాడు.

"నేను ఊళ్ళోనే ఉన్నాను సార్. అన్న పోయేదానికి ముందు రోజు మధ్యాహ్నమే వచ్చాను. జీపుల స్టాండు మా ఇంటికి వంద అడుగులు. నేను పిలవలేదు. ఇద్దరం కలిసే నిర్ణయించుకున్నాం."

వదిన ఆ మూల నుంచి నన్ను చూసింది. మా వాళ్ళ లాయరు తల పట్టుకున్నాడు. ఆ తర్వాత సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. అప్పటికే ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలోకి చేరి, ఒకే వేదిక మీద దండలు వేయించుకున్నారు. నలుగురూ విడుదలయ్యారు. కేసు పోయింది మా మాటల వల్లేనని ఊళ్ళో చెప్పుకున్నారు. మామీద ఎవరూ కేసు పెట్టలేదు. అవసరం తీరాక మేం ఎవరికీ గుర్తులేము. నా మీద మాత్రం ఒక ఆర్డరు వచ్చింది, పులివెందుల అవతల ఒక పల్లెకు బదిలీ.

సామాను కట్టుకుంటుంటే వదిన వచ్చి తన ట్రంకుపెట్టె నా పెట్టె పక్కన పెట్టింది. "నన్ను రమ్మని పిలవవా?" అంది. అప్పటినుంచి కలిసే ఉన్నాం.

చాలా ఏళ్ళ తర్వాత పేపర్లో చదివాను. తిరిగి కోలుకోలేని స్థితిలో పడితే తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని, తన తరఫున మాట్లాడే మనిషిని పెట్టుకోవచ్చని పెద్ద కోర్టు ఒప్పుకుందట. ఆ వార్త వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

"అప్పుడుంటే?" అంది చివరికి.

"అప్పుడున్నా, అన్న రాసిపెట్టేవాడు కాదు గదా వదినా."

"రాయడులే" అంది. చేట పక్కన పెట్టి, "రాసుంటే ఏమని రాసేవాడు పాపా?" అని అడిగింది.

మా ఇద్దరివీ అట్లాంటి రెండు కాగితాలు నోటరీ దగ్గర రాయించాం. ఆమె తరఫున నేను, నా తరఫున ఆమె. వేలిముద్ర వేయబోతే ఆపి, ఆమెకు సంతకం నేర్పించాను. నెల పట్టింది.