రాళ్ల కోసం వచ్చినవాళ్లు

నీళ్లు కూడా లేని చోటికి, అంత ఖర్చు పెట్టుకొని మనిషి ఎందుకు పోవాలి? జమ్లీ అడిగిన ఈ మాటకు, ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇప్పటికీ జవాబు దొరకలేదు.

అది ఎనభై నాలుగు ఎండాకాలం. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వరండాలో టీవీ పెట్టారు. మనవాడొకడు అంతరిక్షంలో తేలుతున్నాడని, వడ్లు ఆరబోసే కూలీలందర్నీ పిలిచి చూపించారు. హాలియా అవతలి తండా నుంచి ఏటా పనికి వచ్చే జమ్లీ కూడా తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మనుషులు చంద్రుడి మీదికి సైతం పోయి రాళ్లు తెచ్చారని గుమస్తా పర్వతాలు చెప్పుకొచ్చాడు. అక్కడ నీళ్లున్నాయా అని ఆమె అడిగింది. లేవన్నాడు.

"నీళ్లు లేని జాగకు పోయి రాళ్లు తెచ్చిండ్రా? గంత దూరమెందుకు పర్వతాలన్నా, మా తండాకు రమ్మను. నీళ్లు లెవ్వు, రాళ్లకు కొదవ లేదు."

అందరూ నవ్వారు. జమ్లీ కూడా నవ్వింది. అప్పటికింకా ఆమె పెనిమిటి బీక్యా నడిచేవాడు.

తండాకంతా ఒకటే చేతిపంపు. ఆ నీళ్లతో వండితే అన్నం పసుప్పచ్చగా దిగేది. వాటిలోని ఫ్లోరైడు ఎముకల్ని పాడుచేస్తున్నదని దవాఖానలో చెప్పేనాటికే బీక్యా నడుము వంగినచోట వంగినట్టే బిగుసుకుపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. మందు లేదు, నీళ్లు మార్చుకొమ్మన్నారు. మిల్లు దగ్గర కాలువ నీళ్లున్నాయి, పోదాం పదమని జమ్లీ పోరేది. కూలికి పనికిరానివాణ్ని అక్కడ ఎవరి కాళ్లకు అడ్డం పడాలని బీక్యా ససేమిరా అనేవాడు.

తొంభై రెండులో రాళ్ల కోసం సర్కారు మనుషులు నిజంగానే తండాకు వచ్చారు. కరెంటు పుట్టించే యురేనియం ఖనిజం కోసం గుట్ట మీద డేరాలు వేసి, బోరు మిషన్లతో రాతిని కడ్డీల్లా కోసి తీశారు. ఈ రాయితో ఊళ్లకు ఊళ్లు వెలుగుతాయన్నాడు ఆఫీసరు. ఆ కడ్డీలను పెట్టెల్లో సర్ది మోసే పనికి జమ్లీ కుదిరింది. ఒక బోరులో నీళ్లు తన్నుకొచ్చాయి. బిందెడు తెచ్చి వండింది. అన్నం తెల్లగా దిగింది. బీక్యా పళ్లెం మొహం దాకా ఎత్తించుకొని చూశాడు.

"ఇగ యాడికీ పోయే పని లేదు," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ నీళ్లే తాగాడు. పని ముగిశాక ఆఫీసరు ఆ బోరులో సిమెంటు పోయించబోతే జమ్లీ అడ్డం వెళ్లింది.

"గీ ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి సారూ."

ఆయన చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే చెప్పాడు. "ఈ రాతిలోంచి వచ్చే నీళ్లు తాగకూడదమ్మా. మీ పంపు నీళ్లకన్నా చెడ్డవి కావచ్చు."

"అన్నం తెల్లగయింది గద సారూ."

"తెల్లగా ఉడికితే మంచివని కాదు."

"మరి పరీక్ష చేయించుండ్రి."

"మేం రాయినే పరీక్ష చేస్తాం. నీళ్ల సంగతి మాది కాదు."

సిమెంటు గట్టిపడేదాకా జమ్లీ అక్కడే కూర్చుంది. ఇన్నాళ్లూ మొగనికి తను తాపింది ఏమిటో ఆమెకు తెలియలేదు. చెప్పేవాళ్లూ లేరు.

మర్నాడు రాళ్ల పెట్టెలతో లారీ మిర్యాలగూడ స్టేషనుకు బయల్దేరుతుంటే, తమనూ మిల్లు దాకా తీసుకుపొమ్మని అడిగింది. ఆఫీసరు ఒప్పుకున్నాడు. పెట్టెలు కదలకుండా మధ్యలో గడ్డి కూరారు. ఆ సందులోనే బీక్యాను పడుకోబెట్టారు. ఈసారి అతను కాదనలేదు.

పంపు కొడుతున్న పక్కింటి గౌరీబాయి చెయ్యి ఆపి, "యాడికే జమ్లీ? మల్ల ఎప్పుడొస్తరు?" అని అడిగింది.

జమ్లీ లారీ ఎక్కి, బీక్యా తల కింద చెయ్యి పెట్టి, పెట్టెల వైపు తిరిగి కూర్చుంది.