డ్రైవరు చెంప మీద కాటుక చుక్క

పుంగనూరు పాల డెయిరీలో వెన్న శాతం చూసే దేవేంద్రకు ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లయింది, సొంతిల్లుంది, బీపీ కూడా ఉంది. ఆ బీపీ ఎందుకొచ్చిందని ఇంట్లో ఎవరినడిగినా బొమ్మల వల్లే అంటారు. దేవేంద్రనడిగితే ఇంట్లోవాళ్ల వల్ల అంటాడు.

అవి ఆటబొమ్మలు కావని చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పెట్టింది. అడుగు ఎత్తున ఉండే సినిమా పాత్రలవి. వట్టి బొమ్మను తెప్పించుకుని, ముఖం దిద్ది, రంగులేసి, బట్టలు కుట్టి, అచ్చం తెర మీది మనిషిలా తయారు చేస్తాడు. చెబితే వినేదెవరు? షోకేసులో పెళ్లి ఫొటోకు కూడా చోటు లేదని భార్య భారతి సణుగుతుంది. పక్కింటి కృష్ణప్ప వచ్చినప్పుడల్లా ఒకదాని చెయ్యి పైకెత్తి, ఇంకోదాని తల వెనక్కి తిప్పి పోతాడు. ఇక తల్లి బుజ్జమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ వయసులో బొమ్మలాటలేంద్రా నాయనా అని నాలుగేళ్లుగా అతని ప్రాణాలు తోడేస్తోంది.

పోయినేడు మదనపల్లెలో ఇలాంటి బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఏది పెట్టాలో ఏది వద్దో తేల్చేది కుప్పం ఈశ్వరప్ప. ఆయన దేవేంద్ర బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ముఖంలో జీవం లేదని వెనక్కి పంపేశాడు. ఆ మాట ఏడాది పొడుగునా అతని చెవిలో మోగుతూనే ఉంది.

అందుకే ఈసారి పట్టుబట్టి ఆరు నెలలు కూర్చున్నాడు. పాత సినిమాలోని ఒక ముసలి లారీ డ్రైవరును ఎంచుకున్నాడు. చేతిరుమాలు కత్తిరించి లుంగీ కుట్టాడు, సైకిల్ ట్యూబుతో చెప్పులు చేశాడు. కనుబొమల్లో ఒక్కో వెంట్రుకా విడిగా గీశాడు. కంటి కింది ముడతలు కుదరక మూడుసార్లు ముఖమంతా చెరిపి మళ్లీ వేశాడు. శనివారం సాయంత్రానికి పూర్తయింది. హాల్లో బల్ల మీద నిలబెట్టి, ఎవరూ తాకొద్దని పేరుపేరునా చెప్పి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున లేచి చూస్తే డ్రైవరు ఎడమ చెంప మీద శనగగింజంత కాటుక చుక్క!

నేనే పెట్టినానని వంటింట్లోంచి తాపీగా చెప్పింది బుజ్జమ్మ. ఆముదంతో చేసిన ఇంటి కాటుక, రంగులోకి ఇంకిపోయింది. తుడిస్తే చెంపంతా ఊడొస్తుంది. ప్రదర్శనకు ఎంపిక ఈ రోజే, మళ్లీ వేయడానికి టైము లేదు. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నాకేమీ చెప్పొద్దని దేవేంద్ర రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, బొమ్మను డబ్బాలో సర్దుకుని, టిఫినైనా తినకుండా బస్సెక్కాడు. మదనపల్లె దాకా లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఈశ్వరప్ప ఈసారి చాలాసేపు చూశాడు. చెప్పులు చూశాడు, లుంగీ మడత చూశాడు, చుక్క దగ్గర ఆగిపోయాడు.

"సినిమాలో ఈ మచ్చ లేదు గదప్పా. ఆడ ఉండేదే ఈడా ఉండాల. రూలు నీకు తెలవదా?"

మా అమ్మ పెట్టిందని అంతమందిలో ఏ మొహంతో చెబుతాడు? బొమ్మను మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి బుజ్జమ్మ అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. పొద్దుటి నుంచి దిగమింగిన కోపమంతా బయటికొచ్చింది.

"దీని మొగాన ఈ చుక్క యాల పెట్టినావు మా?"

"తెల్లారి కసువు ఊడ్సను వచ్చినా," అంది ఆమె తల ఎత్తకుండా. "బల్ల కాడినించి ఎవురో పెద్దాయన నన్నే సూస్తాండాడనిపించె. గబుక్కున కొంగు సర్దుకున్నా. తీరా సూస్తే నీ బొమ్మ. అంత పానముండే మొగానికి దిష్టి తగలదా నాయనా?"

దేవేంద్ర డబ్బాను అరుగు మీద దించాడు. అంతలోనే మళ్లీ ఒళ్లు మండింది.

"ఆ మాట పొద్దున్నే చెప్పుంటే ఏం పోయుండు?"

"నువ్వు చెప్పనిస్తివా?"

అతను డబ్బా తెరిచి, డ్రైవరును బయటికి తీసి, చుక్కతో సహా అరుగు మీద ఆమెకెదురుగా నిలబెట్టాడు. బుజ్జమ్మ కాయలు ఒలుస్తూనే కొంగు సర్దుకుంది.