మీరు చేయవలసింది ఏమీ లేదు

బొరుగుల్లోకి ఉల్లిపాయ తరుగుతూ, స్కూలు నుంచి అప్పుడే వచ్చిన చిన్నోడిని మామూలుగా అడిగాను. "ఈ పొద్దన్నా స్కూలు కాడ బస్సు దిగేటప్పుడు కార్డు గీకినావా రా?"

"లే మా. నేను నిద్దరపోయింటి. అక్క లేపింది."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

ఎందుకో తెలియాలంటే ఆ కార్డు సంగతి చెప్పాలి. ఎర్రగుంట్లలో మా పిల్లలు వెళ్ళే స్కూలు బస్సు తలుపు దగ్గర చిన్న డబ్బా ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మెడలోని కార్డును దానికి తాకించాలి. ఎక్కిన పిల్ల దిగినట్టు లెక్కలోకి రాకపోతే డ్రైవరు ఫోనూ, స్కూలు ఆఫీసులో కంప్యూటరూ మోగుతాయి. ఎవరో ఒకరు వెనక సీటుదాకా వెళ్ళి చూసి రావాలి. మా చిన్నోడు యూకేజీ. బస్సు కదిలితే చాలు నిద్రపోతాడు, సగం మత్తులో దిగుతాడు, కార్డు మరిచిపోతాడు. అందుకని దాదాపు ప్రతి ఉదయం స్కూలు ఆఫీసులోని పెద్దాయన నాకు ఫోన్ చేసేవాడు. "ఏమ్మా, మీవోడు మల్లా గీకల్యా. క్లాసులోనే ఉండాడు లే, పోయి సూసొచ్చినా" అని విసుక్కునేవాడు. ఆ విసుగు వింటే తప్ప నాకు ఇంటిపని మీద మనసు నిలిచేది కాదు. ఆ రోజు ఫోను రాలేదు. నా కొడుక్కి బుద్ధి వచ్చిందనుకుని పొద్దంతా సంబరపడ్డాను.

పిల్లలు దిగాక ఆ బస్సు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ పక్కన, నీడన్నది లేని చోట, తలుపులూ కిటికీలూ మూసుకుని సాయంత్రందాకా నిలబడి ఉంటుంది. అక్కడ పరిచిన బండల మీద చెప్పుల్లేకుండా పెద్దవాళ్ళే నిలబడలేరు. ఇక ఆ బస్సు లోపల ఎలా ఉంటుందో నేను చెప్పను. ఇది రాస్తున్నప్పుడు పక్కన పిల్లలు నిద్రపోతున్నారు.

ఆ కార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసేది నేను పనిచేసే కంపెనీయే. ఆఫీసు కర్నూలులో ఉంది, నేను ఇంటి నుంచి చేస్తాను. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ఏం మారిందో చెబుతూ స్కూళ్ళకు ఒక పేజీ వెళుతుంది. దాన్ని రిలీజ్ నోట్స్ అంటారు. ఒకప్పుడు మనుషులు రాసేవాళ్ళు. ఇప్పుడు ప్రోగ్రామర్లు ప్రతి మార్పుకూ కొన్ని గడులు నింపుతారు. ఏం మారింది, ఎందుకు మారింది, స్కూలువాళ్ళు ఏం చేయాలి. ఆ మాటల్ని ఒక అచ్చులో పోసి, మెషీనే పేజీ చేసి పంపేస్తుంది. ఆ అచ్చు పేరు టెంప్లేటు. టెంప్లేట్లను సరిదిద్దే పని నాది. వాటి గురించి మీటింగుల్లో మాట్లాడే పని మా టీమ్ లీడర్‌ది.

స్కూలువాళ్ళు ఏం చేయాలి అన్న గడిని మా ప్రోగ్రామర్లు నింపరు. మధ్యాహ్నం ఏ హోటలు నుంచి బిర్యానీ తెప్పించాలో పేజీలకు పేజీలు చర్చించగలిగినవాళ్ళకు, ఆ గడిలో ఒక్క వాక్యం రాయడానికి మాత్రం తీరిక దొరకదు. అది చదివేవాళ్ళు స్కూలు గుమాస్తాలు కాబట్టి, ఆ గడి అంటే వాళ్ళకు చులకన. నింపకపోతే పేజీలో ఖాళీ కనిపించేది. ఆ ఖాళీ మా లీడర్ కళ్ళకు అసహ్యంగా ఉండేది. గడి నింపమని ప్రోగ్రామర్లకు చెప్పడం కంటే సులువైన మార్గం ఆయనకు తట్టింది. గడి ఖాళీగా ఉంటే టెంప్లేటే ఒక వాక్యం వేసుకోవాలి. "మీరు చేయవలసింది ఏమీ లేదు." పక్కన ఒక ఆకుపచ్చ టిక్కు.

"సార్, రాయాల్సింది ఉండి మరిచిపోతే?" అని ఆ రోజు మీటింగులో అడిగాను.

"మర్చిపోయినారంటే అది ముఖ్యం కాదనే కదా మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ టెంప్లేటు విడుదలైన రోజు ఆఫీసులో కేకు కోశారట. కేకు మీద కూడా ఆకుపచ్చ టిక్కు వేయించారట. ఫొటో గ్రూపులో పెట్టారు.

చిన్నోడి మాట విన్న వెంటనే లాప్‌టాప్ తెరిచాను. ముందు రోజు స్కూళ్ళకు వెళ్ళిన పేజీలో ఇలా ఉంది: "హెచ్చరికల అనుభవాన్ని మరింత ప్రశాంతంగా మార్చాం." దాని కింద ఆకుపచ్చ టిక్కు. మీరు చేయవలసింది ఏమీ లేదు.

అసలు ఏం మార్చారో ప్రోగ్రామర్ తన తోటివాళ్ళ కోసం మరోచోట రాసుకున్నాడు. ఊరికే మోగుతోందని కొన్ని స్కూళ్ళు గొడవ చేస్తున్నాయి, కాబట్టి ఇకనుంచి అలారం ఆపేసి ఉంటుంది, కావలసినవాళ్ళు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. ఆ సంగతి మామూలు భాషలో చెప్పాల్సిన గడి ఖాళీగా ఉంది.

స్కూలుకు ఫోన్ చేశాను. పెద్దాయనే ఎత్తాడు.

"అవునమ్మా, మోగల్యా. శానా హాయిగా ఉండాది. మీ కంపెనీ పేజీ సూసినా. మీరు చేయవలసింది ఏమీ లేదని రాసినారు. మేమేమీ చేయల్యా."

"అది తప్పు సార్. సెట్టింగ్స్‌లో ఆన్ చేయాల."

"ఆ పాస్‌వర్డు కంప్యూటర్ సారుకే తెలుసమ్మా. ఆయప్ప నందికొట్కూరుకు పెండ్లికి పోయినాడు. ఫోన్ ఎత్తల్యా. వచ్చినాక చెప్తాలే."

తర్వాత లీడర్‌కు చేశాను.

"సార్, బస్సుల్లో అలారం ఆగిపోయింది. స్కూళ్ళకు తెలీదు."

"ఆగిపోలేదు మేడమ్. డిఫాల్ట్ మారింది. కావాలంటే వాళ్ళే ఆన్ చేసుకుంటారు."

"ఏమీ చేసే పన్లేదని పేజీలో పడింది సార్."

"గడి ఖాళీగా ఉండాది, రూల్ ప్రకారం పడింది. అంటే టెంప్లేటు కరెక్టుగా పనిచేసినట్టే కదా?"

"టెంప్లేటు బాగానే ఉండాదప్పా. బస్సులో పిల్లోడు బాగుండద్దా?"

సార్ అనాల్సిన చోట అప్పా అన్నానని అన్నాకే తెలిసింది. ఆయన మెత్తగా, నాకేదో పాఠం చెబుతున్నట్టు, "ఇంతవరకూ ఒక్క కంప్లైంటు కూడా రాలేదు మేడమ్" అన్నాడు.

"ఎవురియ్యాల సార్ కంప్లైంటు? వెనక సీట్లో నిద్రపోయినోడా?"

కర్నూలు నుంచే అన్ని స్కూళ్ళకూ అలారం ఆన్ చేయమన్నాను. తర్వాతి వెర్షన్‌లో చూద్దాం అన్నాడు. చివరికి ఒక సవరణ పేజీ పంపడానికి ఒప్పుకున్నాడు. "భయపెట్టే మాటలు వద్దు మేడమ్, బ్రాండు దెబ్బతింటుంది" అని కూడా అన్నాడు. ఆయనకూ ఇద్దరు పిల్లలున్నారు. కారులో వెళ్తారు.

ఆ సవరణ నేనే రాశాను. "మీ బస్సుల్లో హెచ్చరిక ఆగిపోయి ఉంది. సెట్టింగ్స్‌లో వెంటనే ఆన్ చేయండి. అప్పటిదాకా ప్రతి సీటూ మీరే చూడండి." ఒక్క మాటా మెత్తబరచలేదు. కానీ పేజీ పైభాగం మార్కెటింగ్‌వాళ్ళది, దానికి తాళం. అందుకని నా సవరణ "ఈ సంతోషాన్ని మీతో పంచుకుంటున్నాం!" అన్న అక్షరాల కింద, బెలూన్ల బొమ్మతో స్కూళ్ళకు వెళ్ళింది. బస్సులో అలారం ఆగిపోయిందన్న కబురును బెలూన్లు కట్టి పంపాలంటే చాలా చదువుకుని ఉండాలి. మా వాళ్ళంతా చదువుకున్నవాళ్ళే.

ఇంకొక పని కూడా చేశాను, ఎవరినీ అడగకుండా. టెంప్లేటులోంచి ఆ వాక్యాన్నీ, టిక్కునూ తీసేశాను. వాటి చోట కొత్త రూల్ పెట్టాను. ఇప్పుడు గడి ఖాళీగా ఉంటే పేజీ కదలదు. ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే. లీడర్‌కు ఈ సంగతి పేజీలు ఆగినప్పుడు తెలుస్తుంది. ఉద్యోగం పోతే పోతుంది. ఆ వాక్యాన్ని నా చేత్తో మళ్ళీ మాత్రం పెట్టను.

మర్నాడు పొద్దున మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. బస్సు వచ్చింది. డ్రైవరు మంచివాడే. తలుపు దగ్గర నిలబడి అడిగాను. "అన్నా, పిల్లోల్లు దిగినాక ఒకతూరి వెనక్కి పోయి సూస్తావా?"

"ఫోను మోగితే సూస్తా గదమ్మా" అన్నాడు.

"ఇప్పుడది మోగదన్నా."

"మోగదంటే ఎవురూ లేనట్టే గదమ్మా."

మా లీడర్ ఈ డ్రైవరును ఎప్పుడూ చూసి ఉండడు. అయినా తన బుద్ధిని ఇంత దూరం పంపించగలిగాడు.

పిల్లలిద్దరినీ పక్కకు పిలిచాను. చిన్నోడితో, "నిద్రొస్తే నిద్రపో, కానీ అక్క పక్కన్నే కూర్చో" అన్నాను. నాలుగో తరగతి చదివే పెద్దదాని భుజం పట్టుకుని చెప్పాను. "అందరూ దిగినాక నువ్వు దిగు. ముందు చివరి సీటుదాకా నడిచిపో. సీట్ల కింద కూడా వంగి సూడు. తమ్ముడొక్కడే కాదు, ఎవరు నిద్రపోయినా లేపు. డ్రైవరన్న అరిచినా సూడకుండా దిగద్దు."

"ఏమీ మోగకపోయినా సూడాల్నా మా?" అంది.

"మోగకపోతే ఇంకా బాగా సూడాల" అన్నాను.