ఐత్వం ఉన్న పిల్లలు

తిరువూరులో ఆ ఎయిడెడ్ హైస్కూలు మెట్లెక్కినవాళ్ళకి ముందు జ్ఞానమణి గొంతు వినబడుతుంది, మనిషి తర్వాత కనబడుతుంది. ఆఫీసు గదిలో రికార్డులు చూసే గుమాస్తా ఆవిడ. యాభై ఏడేళ్ళ పొట్టి మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, ఆ కళ్ళజోడుకంటే ముందు కోపం. పిల్ల పేరులో ఒక అక్షరం తప్పు రాసిన టీచరు మీద కోపం, చదవకుండా సంతకం పెట్టే హెడ్మాస్టరు మీద కోపం, "రేపు రండి" అనే మాట మీద మరీ కోపం. ఎందుకొచ్చిందో ఆరా తీస్తే పదింట ఎనిమిదిసార్లు న్యాయం ఆవిడ వైపే ఉండేది. మిగతా రెండుసార్లూ ఆవిడ ఒప్పుకునేది కాదు.

పుట్టింది ఎ.కొండూరు దగ్గర, కూలికెళ్ళే ఇంట్లో. పదో తరగతి అయ్యాక దశరథరామయ్య గారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి తెలుగు లోయరు, హయ్యరు రెండూ ఫస్టు క్లాసులో పాసైంది. తొమ్మిదేళ్ళు కోర్టు ముందు టార్పాలిన్ పట్టా కింద టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టింది. పొలం గట్టు తగాదాలు, భార్యాభర్తల తగాదాలు, అన్నీ ఆవిడ వేళ్ళ మీదుగానే కోర్టులోకి వెళ్ళాయి. జనం చెప్పింది చెప్పినట్టు కొట్టకపోతే వాళ్ళకి అన్యాయం జరుగుతుందని ఆవిడకి అక్కడే తెలిసింది. తర్వాత ఈ బడిలో ఉద్యోగం వచ్చింది.

బడిలోకి కంప్యూటరు వచ్చినప్పుడు మిగతా సిబ్బంది దానికి పసుపు కుంకుమ పెట్టి దూరంగా జరిగారు. జ్ఞానమణి మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది. పాత విద్యార్థులు సర్టిఫికెట్ల కోసం వస్తే రిజిస్టర్లు తిరగేయడానికి పూట పట్టేది. వినగడప నుంచి, విస్సన్నపేట నుంచి పని మానుకుని వచ్చినవాళ్ళు వరండాలో పడిగాపులు కాయడం చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. అందుకని అడ్మిషన్ పేజీలన్నీ స్కాన్ చేసి, ఒక్కో పిల్లకి ఒక్కో ఫైలు చేసి, తెలుగులోనే పేరు పెట్టింది. తెలుగులోనే ఎందుకంటే, ఇంగ్లీషులో ఒక్కో పేరుకి నాలుగేసి స్పెల్లింగులు వస్తాయి కాబట్టి. తర్వాత యాభై ఒకటో ఏట వీడియోలు చూసీ చూసీ మాక్రో రాయడం నేర్చుకుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో పేరు కొట్టి బొత్తాం నొక్కితే చాలు, ఆవిడ రాసిన మాక్రో ఫోల్డరంతా గాలించి, ఆ పేరున్న ఫైలుని పట్టుకొచ్చి తెర మీద పెట్టేది. దొరక్కపోతే ఆ మాట ఒక స్లిప్పు మీద అచ్చయ్యేది. పూట పట్టే పని అరనిమిషానికి దిగింది. ఆ మాక్రో అంటే ఆవిడకి ఎంత గర్వమో, దాన్ని ఎవరైనా "ప్రోగ్రాం" అంటే "మాక్రో" అని సరిదిద్దేది.

ఈ జూన్‌లో కరస్పాండెంటు గారి మేనల్లుడు జయకర్ బడికి ఆఫీసు మేనేజరుగా వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, నలగని చొక్కా. వచ్చిన పదో రోజున, ఎవరో విరాళంగా ఇచ్చిన పాత మ్యాక్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, విండోస్ కంప్యూటరుని అటక ఎక్కించాడు. జ్ఞానమణిని ఒక్క మాట అడగలేదు. ఫైళ్ళన్నీ కొత్తదాన్లోకి కాపీ చేసిన మెకానిక్ మాక్రో నడిపి చూస్తే అసలు ఫోల్డరే లేదంది. విండోస్‌లో ఫోల్డరుకి దారి రాసేటప్పుడు గీత ఎడమకి వాలితే మ్యాక్‌లో కుడికి వాలాలట. ఆ గీత తిప్పి, ఒక పేరు కొట్టి చూశాడు. వచ్చింది. ఇంకో పేరు కొట్టాడు. అదీ వచ్చింది. చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ మర్నాడే జ్ఞానమణి కంటి శుక్లం ఆపరేషనుకి సెలవు పెట్టింది.

తొమ్మిది రోజుల తర్వాత నల్లద్దాలతో తిరిగొచ్చేసరికి వరండా బెంచీ చివర ఒక పిల్ల కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయి. చేతిలో మడిచిన కాగితం.

"ఎవరమ్మా నువ్వు?"

"షైని అండి. మాది వినగడప. ఇక్కడ ఆరు నుంచి ఎనిమిది దాకా చదివానండి. తర్వాత గురుకులంలో సీటొస్తే వెళ్ళిపోయాను. నర్సింగులో చేరడానికి ఆ మూడేళ్ళ స్టడీ సర్టిఫికెట్ కావాలండి. ఎల్లుండే విజయవాడలో వెరిఫికేషను."

"అయితే లోపలికి రాక ఇక్కడ కూర్చున్నావేంటి?"

పిల్ల కాగితం విప్పి ఇచ్చింది. బడి స్టాంపు, జయకర్ సంతకం. 'ఈ పేరు గల విద్యార్థి మా పాఠశాలలో చదవలేదు.'

జ్ఞానమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పిల్ల ఆవిడకి తెలుసు. ఏడో తరగతిలో ఉండగా వ్యాసరచనలో ఫస్టు వచ్చింది, ఆ ప్రశంసాపత్రం మీద పేరు రాసింది తనే. మిర్చి కోతలకి అమ్మానాన్నలు ఖమ్మం వైపు వెళ్ళిపోతే అమ్మమ్మ దగ్గరుండి చదువుకున్న పిల్ల. ఆ పిల్లని పట్టుకుని చదవలేదంటారా? పైగా కింద సంతకం కూడానా?

"జయకర్ గారూ!" గుమ్మం దాటకుండానే కేకేసింది. "ఏంటండీ ఇది?"

జయకర్ కాగితం చూసి, వెనకే వచ్చిన షైని చేతికి తిరిగిచ్చాడు. "ఓ, ఆ అమ్మాయా. సిస్టంలో లేదండి. రెండుసార్లు కొట్టి చూశాను."

"సిస్టంలో లేకపోతే రిజిస్టరు చూడాలిగా!"

"చెదలు పడుతున్నాయని రిజిస్టర్లన్నీ మూటకట్టి పై గదిలో వేయించాను. వాటిని ఇప్పుడెవరు విప్పుతారు?"

"డ్రిల్లు మాస్టారిని అడగొచ్చుగా? మ్యాథ్స్ టీచర్ని అడగొచ్చుగా? బడి మొత్తం గుర్తుపడుతుంది ఈ పిల్లని."

"గుర్తుండటం వేరు, రికార్డు వేరండి. రేపు దొంగ సర్టిఫికెట్ ఇచ్చారంటే మాట పడేది నేను."

ఆ జవాబు పైకి ఎంత నీతిగా ఉందో లోపల అంత బద్ధకం. మెట్లెక్కి ఒక మూట విప్పడానికి ఒళ్ళొంగక, మనిషి బతుకులోంచి మూడేళ్ళు కొట్టేశాడు. జ్ఞానమణి అతన్ని కుర్చీలోంచి లేపి తను కూర్చుంది.

'షైని' అని కొట్టి బొత్తాం నొక్కింది. లేదంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేదంది. ఇలా కాదని ఫోల్డరే తెరిచి, ఆపరేషను చేసిన కన్ను నీరు కారుతుంటే తుడుచుకుంటూ, ఒక్కో పేరూ కిందికి జరుపుకుంటూ పోయింది. ష దగ్గర ఆగింది. షైని. ఫైలు అక్కడే ఉంది. తెరిస్తే ఆరో తరగతి అడ్మిషన్ పేజీ, తండ్రి యోసేపు వేలిముద్ర, అన్నీ ఉన్నాయి.

"ఇదిగో! కళ్ళెదుట పెట్టుకుని లేదంటారా?"

"మరి మీ మాక్రోయే లేదంటోంది కదండీ" అన్నాడు జయకర్.

ఆ మాటకి ఆవిడ ముఖం మాడిపోయింది. సర్టిఫికెట్ అప్పటికప్పుడు కొట్టి ఇచ్చేయొచ్చు. కానీ మాక్రో అబద్ధమాడితే ఈ పిల్లతో ఆగుతుందా? షైనిని కూర్చోమని చెప్పి, తను ఎప్పుడో కొట్టి ఉంచిన మొత్తం పేర్ల పట్టీ మాక్రోకి ఇచ్చి వరసగా వెతకమంది. నాలుగు వేల మూడొందల పేర్లు. అందులో నూట అరవై మూడింటిని లేవంది. అన్నీ ఫోల్డర్లో ఉన్నవే.

ఆ నూట అరవై మూడూ పైకి చదవడం మొదలుపెట్టింది. "శైలజ. సైమన్. జైపాల్. వైష్ణవి. మైథిలి. నైనిక. ఇంకో సైమన్." కులం కలవలేదు, ఊరు కలవలేదు, సంవత్సరం కలవలేదు. లేచొచ్చి కుర్చీ పక్కనే నిలబడి చూస్తున్న షైని నెమ్మదిగా అంది: "అందరికీ ఐత్వం ఉందండి."

జ్ఞానమణి పట్టీ మొదటికి వెళ్ళింది. మళ్ళీ చూసింది. ఉంది. ఐత్వం లేని పేరు ఒక్కటీ లేదు.

ఐత్వానికి ఏం పుట్టింది? తను కొట్టిన 'షైని'ని ఒక గడిలో పెట్టింది. ఫైలు పేరులోని 'షైని'ని మాక్రో చేత పక్క గడిలో పెట్టించింది. రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. వాటిలో ఎన్నెన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టమంది. మొదటిదానికి నాలుగు. రెండోదానికి ఐదు.

ఐదో గుర్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒక్కోదాని కోడు నంబరు అడిగింది. తను కొట్టిన ఐత్వం ఒకే నంబరు, 3144. ఫైలు పేరులో ఆ చోట రెండు నంబర్లున్నాయి: 3142, దాని వెనక 3158. మొదటిది ఎత్వం. రెండోది కింద వేసే వంకర గీత.

"ఓరి నీ!" అంది జ్ఞానమణి గట్టిగా. టైపు మిషను మీద ఐత్వానికి ఒక కీ ఉండేది కాదు. ఎత్వం కొట్టి, దాని కింద వంకర గీత విడిగా కొట్టాలి. రెండో దెబ్బ మర్చిపోతే శైలజ కాస్తా శెలజ అయ్యేది, దశరథరామయ్య గారు స్కేలుతో వేళ్ళ మీద వేసేవారు. ఈ పాత మ్యాక్ డిస్కు కూడా ఫైళ్ళ పేర్లు దాచుకునేటప్పుడు ఐత్వాన్ని అలాగే రెండు ముక్కలు చేసి దాచుకుంది. కీబోర్డు నుంచి వచ్చేది ఒకటే ముక్క. కంటికి రెండూ ఒకటే. మాక్రో కంటితో చూడదు, నంబరు నంబరు పోల్చి చూసి కాదు పొమ్మంటుంది.

విరుగుడు రెండు లైన్లే. ఫైలు పేరు చదవగానే ఆ రెండు నంబర్లనీ కలిపి ఒకటి చేసి, అప్పుడు పోల్చమని రాసింది. బొత్తాం నొక్కింది. నూట అరవై మూడు మందీ ఒకరి వెనక ఒకరు తెర మీదికి వచ్చారు.

ఇక ఆవిడ జయకర్ వైపు తిరిగింది. "నేను లేనప్పుడు ఇలాంటి స్లిప్పులు ఎంతమందికి ఇచ్చారు?"

"నలుగురికి" అన్నాడు. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం కదండీ, మనమేం చేస్తాం. ఈ అమ్మాయికి సర్టిఫికెట్ ఇచ్చేసి ఆ పాత కాగితం తీసుకుని చింపేయండి. అడిగితే మిగతావాళ్ళకీ ఇద్దాం."

"అడిగితేనా? చదవలేదని స్టాంపు వేసి పంపాక మళ్ళీ ఎవరు మెట్లెక్కి అడుగుతారు? దొరకలేదు అనడానికీ చదవలేదు అనడానికీ తేడా తెలీదా మీకు? దొరకలేదంటే తప్పు మనది. చదవలేదంటే తప్పు ఆ పిల్లది. ఎవరు రాయమన్నారు మిమ్మల్ని ఆ మాట?"

జయకర్ వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అన్నాడు: "నేనెక్కడ రాశానండీ? స్లిప్పులో ఆ వాక్యం మీదే. నేను ప్రింటు నొక్కి సంతకం పెట్టానంతే."

జ్ఞానమణి మాక్రోలోకి వెళ్ళి చూసింది. ఉంది. ఫైలు దొరక్కపోతే ఏమనాలో ఆరేళ్ళ కిందట తనే నిండు వాక్యంగా రాసింది. సాఫ్ట్‌వేరు తనంతట తాను ఇచ్చే ఇంగ్లీషు ముక్క కూలికెళ్ళేవాళ్ళకి ఏం అర్థమవుతుందని, వాళ్ళకి మర్యాదగా తెలుగులో చెప్పాలని ముచ్చటపడి రాసుకుంది. తన మాక్రోకి దొరకని పిల్ల ఈ బడిలో ఉండదని అప్పుడు ఆవిడ నమ్మకం. అంత నమ్మకం ఎవరిమీదైనా పెట్టుకోవచ్చు గానీ, అది కాగితం మీదికెక్కి బయటికెళ్తే ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆవిడకి తట్టనే లేదు. కోపం ఇంకా అంతే ఉంది. దాన్ని ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

ఆ వాక్యం కొట్టేసింది. 'మాకు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం' అని రాసింది. సర్టిఫికెట్ తయారుచేసి, హెడ్మాస్టరు చేత దగ్గరుండి చదివించి సంతకం పెట్టించి, షైని చేతిలో పెట్టింది. పాత కాగితం ఇమ్మని చెయ్యి చాచింది.

షైని ఇవ్వలేదు. సర్టిఫికెట్ పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఇంకేంటమ్మా?"

"విజయవాడలో ఇది చాలండి. ఇంట్లో చాలదండి."

"ఇంట్లోనా?"

"నాన్నకి చదవడం రాదు. ఈ కాగితం పాస్టరు గారి చేత చదివించుకున్నాడు. స్టాంపు కూడా ఉంది కదండీ. మేం కోతలకి పోయినప్పుడు నువ్వు బడికి పోకుండా మూడేళ్ళు ఎక్కడ తిరిగావు, ఎవరితో తిరిగావు అని అడుగుతున్నాడు. అమ్మమ్మ ఉంటే చెప్పేది. ఆవిడ లేదు. ఇప్పుడు ఇంకో కాగితం పట్టుకెళ్తే, ఇదెవరిని పట్టుకుని పుట్టించావంటాడు."

జ్ఞానమణి ఫోను తీసింది. "నంబరు చెప్పు."

అవతల యోసేపు ఎత్తాడు. ఎక్కడో పొలంలో ఉన్నట్టున్నాడు, వెనక ట్రాక్టరు చప్పుడు. ఆవిడ ఎవరో చెప్పగానే "దండాలమ్మా" అన్నాడు.

"యోసేపు గారూ, మీ అమ్మాయి ఆరు, ఏడు, ఎనిమిది మా బడిలోనే చదివింది. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. వ్యాసరచనలో ఫస్టు వచ్చింది. మీరు చదివించుకున్న కాగితం తప్పు."

"స్టాంపు ఉందమ్మా దాని మీద."

"ఉంది. అయినా తప్పే. కంప్యూటరు తప్పు కాదు, ఇంకెవరి తప్పూ కాదు. ఆ మాట రాసింది నేను. నేనే రాశానండి."

జయకర్ తలెత్తి చూశాడు. ఫోనులో ట్రాక్టరు చప్పుడు దూరమైంది, యోసేపు పక్కకి నడిచినట్టున్నాడు.

"పిల్లని కొట్టానమ్మా" అన్నాడు యోసేపు.