మంచిగొచ్చిందా, తమ్మీ?

మా చిన్న తమ్ముడు పోయాడు. పొద్దున పూజకు వత్తులు చేసుకుంటుంటే నిజామాబాద్ దవాఖాన నుంచి అతని బిడ్డ ఫోన్ చేసింది. "అత్తమ్మా, నాయిన..." అని ఆగిపోయింది. చేతిలో సగమైన వత్తిని చివరిదాకా పేని పక్కన పెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు.

ఆర్మూర్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో మీలో చాలామంది ఇళ్ల పెండ్లి వీడియో అతనే తీసి ఉంటాడు. తీయించుకున్నవాళ్లకు అతని మీద కాస్త కోపం కూడా ఉండి ఉంటుంది. పెండ్లి అయ్యాక అందరూ వీడియో ఆయనను అడిగే మాట ఒకటే, "మంచిగొచ్చిందా?" అని. ఎవరైనా "మస్తుగొచ్చింది" అంటారు. మా తమ్ముడు మాత్రం పక్కకు తిరిగి వైర్లు చుట్టుకునేవాడు. పొగరు అన్నారు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను.

మొదట్లో అట్లా ఉండేవాడు కాదు. బస్టాండ్ దగ్గర చిన్న దుకాణం పెట్టిన రోజుల్లో మనుషులను నవ్వించి మరీ తీసేవాడు. బిర్రబిగుసుకొని నిలబడ్డ పెండ్లిపిల్ల తండ్రి భుజం మీద చెయ్యేసి, మంచినీళ్లు తాగించి, "మామా, పెండ్లికొచ్చినవా, పోలీస్ ఠాణకొచ్చినవా? జర నవ్వు" అనేవాడు. ఆ పెద్దమనిషి నవ్వేవాడు.

తర్వాత గిరాకీ తగ్గింది. ఏజెంటు మాట నమ్మి కట్టడం పనికని సముద్రం దాటి పోయాడు. ఒక్కడి మాటే చట్టంగా నడిచే దేశం అది. ఇతనికి కెమెరా వచ్చునని అక్కడివాళ్లకు తెలిసింది. ఆ పాలకుడి కోసం సినిమాలు తీసే గుంపులో వేశారు. ఆ మాట ఫోన్లో విని మేమంతా సంబరపడ్డాం. ఎండలో ఇటుకలు మోసే బాధ తప్పిందని నేను కొబ్బరికాయ కొట్టాను.

తిరిగి వచ్చిన తమ్ముడు మళ్లీ కెమెరా పట్టాడు. మా పక్కింట్లో పసుపు పాలిష్ పట్టే మిషన్ ఉంది. ఆ దుమ్ము కెమెరా అద్దం మీద వాలుతుందని, మా ఇంటికొచ్చినప్పుడల్లా నా పాత చీర ముక్కతో తుడుచుకునేవాడు. మాట మెత్తగానే ఉండేది. కానీ ఎవరినీ నవ్వమనేవాడు కాదు. 'ఇంకొకసారి' అనే మాట అతని నోట వినలేదు.

ఏర్గట్లలో మా బంధువుల పెండ్లిలో గొడవే అయింది. తాళి కట్టే వేళకు తమ్ముడి కెమెరా పిల్ల తల్లి ముఖం మీద ఉంది. పిల్లగాడి తల్లి చూసింది.

"ఏందయ్యా, మా పిలగాడు తాళి కడుతుంటే నీ కెమెరా ఏడ చూస్తున్నది?"

"పిల్ల తల్లి ఏడుస్తున్నదమ్మా. గామె దిక్కు పోయింది."

"గామె ఏడుపు తీసెతందుకా నిన్ను పిలిచింది? మళ్లొకపారి కట్టిస్త, తియ్యి!"

"తాళి ఒక్కపారే గడ్తరమ్మా."

పందిరంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఇంటికొచ్చాక నేనే అడిగాను. "మళ్లొకపారి తీస్తె నీదేం పోతది? మంచిగొచ్చిందని ఒక్క మాటంటె ఏమైతది తమ్మీ?"

గడప మీద కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, ఒక్కసారే.

ఆ దేశంలో సినిమాలు తీసే గుంపుకు డైరెక్టర్ ఒక ముసలాయన. ఒకప్పుడు ప్రేమకథలు తీసి పేరు తెచ్చుకున్నవాడట. ఇప్పుడు షాట్ అయ్యాక కెమెరా వైపు చూడడు, వెనక నిలబడ్డ ఆఫీసర్ వైపు చూస్తాడు. ఆఫీసర్ తల ఊపితేనే ఓకే. మా వాడి పాస్‌పోర్టు వాళ్ల దగ్గర. సౌండ్ చూసే అతను ఒక రోజు పనికి రాలేదట. ఏమయ్యాడని ఎవరూ అడగలేదట.

ఒక ఊళ్లో ఒక రైతును కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కొడుకును సిపాయిలు తీసుకుపోయారు. మళ్లీ రాలేదు. ఆ తండ్రి కెమెరా ముందు, మా పాలకుడి దయవల్ల చల్లగా ఉన్నాం అని చెప్పాలి. మొదటిసారి ఏడ్చాడు. మళ్లీ అన్నారు. మళ్లీ ఏడ్చాడు. ఆఫీసర్ ముందుకొచ్చాడు. డైరెక్టర్ పక్కకు జరిగి దారిచ్చాడట.

"అప్పుడు నేను పోయిన అక్కా. నన్నెవరూ పొమ్మనలే. భుజం మీద చెయ్యేసిన, నీళ్లు తాపిన, నా తువ్వాలతోని మొఖం తుడిచిన. మన కాడ పెండ్లిల్ల చేసినట్టే. వచ్చీరాని భాషల నవ్వుమన్న. నవ్విండు. ఆఫీసర్ తల ఊపిండు."

ఆ రైతు లేచి, తన తలగుడ్డ విప్పి, మడిచి భుజం మీద వేసుకొని తమ్ముడి దగ్గరికి వచ్చాడట. మంచిగొచ్చిందా అని అడిగాడట.

"నువ్వేమన్నవు?"

"మంచిగొచ్చిందన్న."

తర్వాత అడిగాడు. "నేను ఆయనను కాపాడిననా, ముంచిననా అక్కా?"

"దేవునికి ఎరుక" అన్నాను.

"అయితె అడిగి చెప్పు. రోజూ మాట్లాడుతవు గదా."

వెక్కిరించాడనే అనుకున్నాను. కానీ ఆ తర్వాత రోజూ పొద్దున స్కూటర్ మా వాకిట్లో ఆపి, దిగకుండానే అడిగేవాడు. "అడిగినవా?" "అడిగిన." "ఏమన్నడు?" "ఇంకేమనలే." "నా అర్జీ అడుగున పెట్టిండేమో, జర గట్టిగ అడుగు" అని నవ్వి పోయేవాడు. నేను నిజంగానే అడిగేదాన్ని. నవ్వించకపోతే ఆ ఆఫీసర్ ఏం చేసేవాడో. నవ్వించాక ఆ నవ్వును ఎంతమంది నమ్మారో. ఒక రోజు ఇటు తోచేది, ఒక రోజు అటు తోచేది. ఎటూ తేలకముందే తమ్ముడు పోయాడు.

పదకొండో రోజు కర్మకు మా నడిపి తమ్ముడు రాలేకపోయాడు. గల్ఫ్‌లో సెలవు ఇవ్వలేదు. చూపిద్దామని చిన్నోడి బిడ్డ సెల్‌ఫోన్లో అంతా తీసింది. నన్ను వాళ్ల నాయిన ఫొటో పక్కన నిలబెట్టి రెండు మాటలు చెప్పమంది. చెప్పబోయి ఏడ్చాను.

"అత్తమ్మా, మంచిగ రాలే. నిన్ను గిట్ల చూస్తె పెద్దనాయిన ఆడ ఒక్కడే తట్టుకోడు. ఇంకొకపారి చెప్తవా?" అని దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసింది. గ్లాసు నోటికి అందించింది. తండ్రి నేర్పలేదు. అయినా ఆ చెయ్యి తండ్రిదిలాగే ఉంది.

ముఖం తుడుచుకున్నాను. "ఫికర్ చెయ్యకు తమ్మీ, అందరం మంచిగున్నం" అన్నాను. నవ్వాను కూడా. కొంగు మడిచి భుజం మీద వేసుకుంటూ, నాకు తెలియకుండానే అడిగాను.

"మంచిగొచ్చిందా బిడ్డా?"

"మంచిగొచ్చింది అత్తమ్మా."

ఆ మాట వినగానే పానం కుదుటపడింది. అబద్ధం చెప్పింది నేను. బాగుందన్నది ఆ పిల్ల. కుదుటపడటానికి ఏముందక్కడ? ఆ రైతుకూ ఇట్లాగే అనిపించి ఉంటుందా? ఆయనను బెదిరించారు, నన్నెవరూ బెదిరించలేదు. రెండూ ఒకటేనని ఎలా అంటాను? తమ్ముడు అడిగినదానికి ఇది జవాబో కాదో తెలియడం లేదు.

ఈ పొద్దున దీపం పెడుతుంటే వాకిట్లో స్కూటర్ ఆగింది. గంట చేతిలో పట్టుకొనే తల తిప్పాను. పక్కింటి మిషన్‌కు పసుపు బస్తా తెచ్చినాయన. బస్తా కింద వేయగానే దుమ్ము లేచింది. తలుపు సందులోంచి పడుతున్న ఎండలో ఆ పచ్చని దుమ్ము కిందికి వాలకుండా, పైకీ పోకుండా చాలాసేపు ఆడుతూ ఉంది.