తొడుగు

చేవెళ్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె, ఒళ్లో ఉన్న రెండేళ్ల పాపతో ఆగకుండా మాట్లాడుతూనే ఉంది.

"అగో, ట్రాక్టర్ సూడు బిడ్డా. అగో, పూలతోట. ఎట్ల ఎర్రగున్నయో సూడు."

పాప కిటికీ వైపు కూడా చూడలేదు.

"కాసేపు పడుకోనివ్వండి పాపం" అన్నాను.

"లేదక్కా. ఇది మా అన్న బిడ్డ. ఇది పుట్టంగనె మా వదిన సచ్చిపోయింది. తల్లిని మింగిందని ఇంట్ల ఎవ్వరు ఎత్తుకోలె, మాట్లాడలె. పాలు వట్టి పండవెట్టుడే. ఇంకా మాటలు రాలె. అందుకే మా ఇంటికి తీస్కొచ్చుకున్న."

పాప తల నిమురుతూ మళ్లీ చెప్పింది. "కరెంటు తీగకున్నట్టు మెదడుల నరాలకు గూడ తొడుగుంటదట. దాన్ని మైలిన్ అంటరట. మనుషులు మాట్లాడి ఆడిపిస్తెనే అది మంచిగ పెరుగుతదని దవాఖానల డాక్టర్ చెప్పిండు."

"ఇప్పుడు మొదలుపెడితే వస్తాయన్నారా మాటలు?"

"చెప్పలేమన్నడు. నువ్వు గూడ ఒక మాట మాట్లాడరాదక్కా."

పాప వైపు వంగాను. "నీ పేరేంటమ్మా?" అన్నాను.

పాప నా నోటి వంకే చూసింది. ఆమే బదులు చెప్పింది.

"మల్లిక. మొన్ననే వెట్టిన. ఇంకా అలవాటు గాలె."

మొయినాబాద్‌లో వాళ్లు దిగిపోయారు. బస్సు కదులుతుండగా కిటికీలోంచి "మల్లికా!" అని పిలిచాను. పాప తిరగలేదు. ఆమె మాత్రం ఆగి, పాప గడ్డం పట్టుకుని మెల్లగా నా వైపు తిప్పింది.

"అగో, నిన్నే పిలుస్తున్నది."